నాయకుల మధ్య పరిచర్య: ప్రార్థనకు వెళ్ళిన రోజు అర్జీ ఇంట్లో పెట్టి వెళ్ళండి

వందనాలు అండి. మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ మండలంలో పది, పన్నెండు సంఘాల పాస్టర్లు ఒక ఫెలోషిప్‌గా ఉన్నారు. రాజకీయ నాయకుల మధ్య పరిచర్య మొదలుపెట్టి, దాని ద్వారా కాలనీలకు మురుగు కాలువలు, మంచినీళ్ళు, సమాధుల స్థలం సాధించాలని మీ ఆలోచన. ఎమ్మెల్యేగారిని పిలిచి పెద్ద సభతో మొదలుపెడదామా అని అడిగారు.

సభతో మొదలుపెట్టకండి. ఎమ్మెల్యేతో కూడా మొదలుపెట్టకండి. ఈ పరిచర్య చెడిపోయిన చోటల్లా దాదాపు ఒకే దారిలో చెడిపోతుంది. స్టేజీ, శాలువా, ఫ్లెక్సీ, ఆ రాత్రే ఫేస్‌బుక్‌లో ఫోటో. పొద్దున్నకి ఊళ్ళో అవతలి పార్టీ వాళ్ళకి ఆ పన్నెండు సంఘాలూ ఫలానా పార్టీవి అయిపోతాయి. ఐదేళ్ళ తర్వాత ప్రభుత్వం మారితే మీ కాలనీ డ్రైన్ ఫైలు అట్టడుగుకి పోతుంది.

మీరు కలిపి అడిగినా ఇవి రెండు పనులు. ఒకటి కాపరి పని: నాయకుడి కోసం ప్రార్థించడం, కష్టంలో పక్కన ఉండడం, అవసరమైతే బైబిల్లో నాతాను ప్రవక్త దావీదు రాజుతో మాట్లాడినట్టు ముఖం మీద చెప్పడం. రెండోది అర్జీ పని: ఊరి సమస్యను కాగితం మీద పెట్టి చట్టం చూపించిన దారిలో నడిపించడం. రెండూ చేయాలి, కానీ ఒకే రోజున, ఒకే మనిషి చేయకూడదు. ప్రార్థన అయ్యాక ఆమేన్ అని జేబులోంచి అర్జీ తీశారంటే ఆ ప్రార్థన అడ్వాన్సు కింద లెక్క. నాయకులకి రోజూ అలాంటి వాళ్ళే ఎదురవుతారు, ఇట్టే పసిగడతారు. తర్వాత మీరు ఎంత నిజంగా ప్రార్థించినా అందులో ఆయనకి అర్జీయే వినబడుతుంది.

నెహెమ్యానే చూడండి. యెరూషలేము గోడ పడిపోయి ఉన్న సంగతి కిస్లేవు నెలలో విన్నాడు, రాజును అడిగింది నీసానులో. మధ్యలో సుమారు నాలుగు నెలలు ఉపవాసం, ప్రార్థన. అడిగినప్పుడు మాత్రం గాల్లో అడగలేదు. నది అవతలి అధికారులకు తాకీదులు, గుమ్మాలకు మాను కోసం అడవిని కాసే ఆసాపుకు ఒక తాకీదు, ఎన్నాళ్ళలో తిరిగొస్తాడో గడువు, అన్నీ వివరంగా చెప్పాడు. అర్జీ పని చేసేవాళ్ళు నేర్చుకోవాల్సింది ఇక్కడే ఉంది.

ముందు జట్టు సంగతి. కాపరి పనికి ముగ్గురు, నలుగురు చాలు. వాళ్ళకి ఏ పార్టీ సభ్యత్వమూ ఉండకూడదు. కాంట్రాక్టు పనులు చేసే సంఘ పెద్ద అస్సలు వద్దు, ఆయన ఎంత మంచివాడైనా సరే. కనీసం ఇద్దరు స్త్రీలు ఉండాలి. రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీల్లో సగం సీట్లు మహిళలవి. చాలా ఊళ్ళలో సర్పంచ్‌గారింటికి వెళ్తే మాట్లాడేది ఆమె భర్త, ఆమె టీ తెచ్చి లోపలికి వెళ్ళిపోతుంది. మగ పాస్టర్లు నలుగురు వెళ్తే కుర్చీలో ఉన్న మనిషిని కలవకుండానే తిరిగొస్తారు. మీ జట్టులో డ్వాక్రా సంఘం నడిపిన అక్క ఒకరుంటే నేరుగా సర్పంచమ్మతోనే కూర్చుని మాట్లాడగలదు. అర్జీ జట్టు వేరే: రిటైరైన టీచరు, సర్వే నంబరు, అడంగల్ చదవగలిగిన రైతు, ఫోన్‌లో పనులు చక్కబెట్టే డిగ్రీ కుర్రాడు. ఈ జట్టులో వేరే మతం వాళ్ళు ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే మురుగు కాలువకి మతం లేదు.

ఎవరెవర్ని కలవాలో ఒక నోటుబుక్కులో రాసుకోండి. వార్డు మెంబర్లు, ఉప సర్పంచ్, సర్పంచ్, ఎంపీటీసీ, జడ్పీటీసీ, మండల అధ్యక్షుడు, ఎమ్మెల్యే. ప్రతి పేరు పక్కన ఆ పదవికి పోటీ చేసి ఓడిపోయిన వాళ్ళ పేరు కూడా రాయండి. ఇద్దరి ఇళ్ళకీ వెళ్ళే జట్టుని ఏ పార్టీ వాడూ సులువుగా ముద్ర వేయలేడు. ఉప సర్పంచ్‌ని చాలామంది మర్చిపోతారు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్ పవర్‌ని, అంటే పంచాయతీ చెక్కుల మీద సంతకం పెట్టే అధికారాన్ని, సర్పంచ్, ఉప సర్పంచ్ ఇద్దరికీ కలిపి ఇచ్చింది. వాళ్ళిద్దరికీ పడకపోతే ఊళ్ళో పని నిలిచిపోతుంది. ఆ ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించగలిగితే అదే పెద్ద పరిచర్య, అందులో ప్రసంగమేమీ అక్కర్లేదు.

వెళ్ళే తీరు. ముందు ఫోన్ చేసి, మంది లేని సమయం అడగండి. ఎక్కువమందికి పొద్దున్న ఏడు లోపు గానీ రాత్రి తొమ్మిది దాటాక గానీ కుదురుతుంది. ఇద్దరు లేదా ముగ్గురు వెళ్ళండి. పూలగుత్తి, శాలువా, ఫోటో వద్దు. పదిహేను, ఇరవై నిమిషాలకు మించి కూర్చోవద్దు. మొదటి మాట ఇలా ఉండొచ్చు: "అయ్యా, మా సంఘాల్లో ప్రతి ఆదివారం అధికారుల కోసం ప్రార్థన చేస్తాం. మీ పేరు పెట్టి చేయాలంటే ఏం అడగమంటారు?" ఈ ప్రశ్నకి చాలామంది ముందు నవ్వేస్తారు, తర్వాత కాసేపు మాట్లాడరు. ఆ మౌనాన్ని మీరు మాటలతో నింపకండి. బిడ్డ చదువు, ఇంట్లో జబ్బు, ఎన్నికల్లో చేసిన అప్పు, ఏదో ఒకటి బయటికొస్తుంది. అక్కడే ప్రార్థన చేయమంటారా అని అడగండి. ఆయన హిందువో ముస్లిమో అయితే ఈ అనుమతి మరీ ముఖ్యం. వద్దంటే నొచ్చుకోకుండా ఇంటి దగ్గర చేస్తామని చెప్పి లేవండి. సరే అంటే రెండు నిమిషాల్లో ముగించండి. ఆయన చెప్పిన విషయాన్నే ప్రార్థించండి, ప్రార్థన పేరుతో ఆయనకి ప్రసంగం చేయొద్దు. "ప్రభువా, ఈ నాయకుడు మా కాలనీకి రోడ్డు వేసేలా మనసు మార్చు" అనడం ప్రార్థన కాదు, కళ్ళు మూసుకుని ఇచ్చిన అర్జీ.

ఆయన చెప్పింది అక్కడే ఆగిపోవాలి. ఆదివారం పుల్పిట్ మీద "ఫలానా నాయకుడు మా ముందు కన్నీళ్ళు పెట్టుకున్నాడు" అన్న ఒక్క మాటతో రెండేళ్ళ పని పోతుంది. ప్రార్థన విన్నపాల వాట్సాప్ గ్రూపుల్లోనూ పెట్టకండి, అవి ఊరంతా తిరుగుతాయి. నెలకో, రెండు నెలలకో ఒకసారి వెళ్తే చాలు. మొదటి ఆరు నెలలు ఏమీ అడగకండి.

ఫోటోల విషయంలో ఇంకో చిక్కుంది, చాలా సంఘాలకి ఇది తట్టదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సీ కిందికి వస్తారు. ఎస్సీ రిజర్వుడు సీటులో గెలిచిన సర్పంచ్ మీ మందిరానికి వచ్చి చేతులెత్తి పాట పాడితే, మీరు "సహోదరుడు సర్పంచ్‌గారి సాక్ష్యం" అని వీడియో పెడితే, ఓడిపోయినవాడు దాన్ని కోర్టుకి పట్టుకెళ్తాడు. అబద్ధం దాచమని నేను చెప్పడం లేదు. ఆయన సర్టిఫికెట్, ఆయన విశ్వాసం, వాటి మధ్య ఉన్న చిక్కు ఆయనే తేల్చుకోవాలి. మంచి లాయరుతో మాట్లాడమని ఏకాంతంగా చెప్పండి. ఆయన విశ్వాసాన్ని మీ పోస్టరుగా మాత్రం వాడకండి. ఎస్టీల హోదాకి ఈ మతం షరతు లేదు.

ఇక అర్జీ పని. మొదలుపెట్టాల్సిన చోటు గ్రామసభ. తెలంగాణలో రెండు నెలలకోసారి పెట్టాలని చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి కనీసం రెండుసార్లు. చాలా ఊళ్ళలో సంతకాలు ఇంటింటికీ తిరిగి సేకరించి సభ అయిపోయిందనిపిస్తారు. కాబట్టి మీ మొదటి పని సభ నిజంగా జరిగేలా జనాన్ని తీసుకెళ్ళడం. వచ్చే ఏడాది గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికకు కసరత్తు మామూలుగా అక్టోబరు 2 నుంచి మొదలవుతుంది. మీ సమస్య ఆ ప్రణాళికలో చేరకపోతే ఎమ్మెల్యే ఎన్ని హామీలిచ్చినా పంచాయతీ నిధుల్లోంచి పైసా రాదు. ప్రణాళికలో ఏం చేరిందో ఈ-గ్రామ్‌స్వరాజ్ సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. అర్జీ జట్టులో ఉన్న కుర్రాడి పని ఇదే.

డబ్బు ఎక్కడిదో తెలియకుండా అడిగితే నాయకుడు తల ఊపి పంపిస్తాడు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం పారిశుధ్యానికి, తాగునీటికే కట్టేశారు, 40 శాతం మాత్రమే స్థానిక అవసరాలకు వదిలారు. ఆ లెక్కన మురుగు, నీళ్ళ పనికి పంచాయతీ దగ్గర డబ్బు దొరికే అవకాశం ఎక్కువ, సిమెంటు రోడ్డుకి తక్కువ. ఎంపీ నిధులు ఏడాదికి రూ.5 కోట్లు, అందులో 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలకు సిఫారసు చేయాలి. మీది ఎస్సీ కాలనీ అయితే ఈ అంకె అర్జీలో రాయండి. ఇంకో సంగతి: ప్రార్థనా స్థలంలో గానీ, మత సంస్థ పేరున ఉన్న భూమిలో గానీ ఎంపీ నిధులతో పని చేయడానికి వీల్లేదు. "మందిరం పక్కనే సంఘం స్థలంలో కమ్యూనిటీ హాలు కట్టించండి" అన్న అర్జీ ఎంపీగారు సంతకం పెట్టినా కలెక్టరేట్‌లో తిరిగొస్తుంది. మందిరం ప్రహరీ గోడ కూడా అంతే. ఈ అర్జీలు మానేస్తే మీకింకో లాభం: మీరు అడిగేవన్నీ ఊరందరివీ అవుతాయి.

అర్జీ ఒక్క పేజీ, ఒక్క సమస్య. ఉదాహరణకి మురుగు కాలువ తీసుకోండి. "మా కాలనీలో డ్రైనేజీ సమస్య తీర్చగలరు" అని రాస్తే అది చెత్తబుట్టకే. ఇలా రాయండి: 4వ వార్డు, రెండో వీధి, బోరింగు దగ్గర నుంచి చెరువు కట్ట మలుపు దాకా 140 మీటర్లు, రెండు వైపులా 38 ఇళ్ళు, ఇప్పుడు నీళ్ళు నిలిచే చోటు ఫలానా ఇంటి ముందు, గ్రామసభ తీర్మానం నంబరు, తేదీ. తేదీతో రెండు ఫోటోలు, ఒకటి ఎండలో, ఒకటి వాన పడ్డ మర్నాడు. టేపు పట్టి మీరే కొలవండి, అడుగులు లెక్కపెట్టి రాయొద్దు. మూడు కాపీలు: ఒకటి పంచాయతీ కార్యదర్శికి, ఒకటి ఎంపీడీఓకి, ఒకటి ముద్ర వేయించుకుని మీ దగ్గర.

డ్రైన్ల విషయంలో ఎక్కువగా చెడిపోయేది చివర. నీళ్ళు ఎక్కడికి పోతాయన్నది ఎవరూ అడగరు. కాలువ కట్టేస్తారు, అది ఎవరి చేను గట్టు దగ్గరో ఆగిపోతుంది, ఆ రైతు మట్టి పోసి మూసేస్తాడు, నెల తిరక్కముందే మురుగు వెనక్కి ఎక్కుతుంది. అర్జీ ఇచ్చేముందే ఆ రైతు దగ్గరికి వెళ్ళండి. వాలు కూడా చూడాలి. 100 మీటర్లకి సుమారు అర మీటరు పల్లం లేకపోతే బురద కూరుకుపోతుంది. పారదర్శక పైపులో నీళ్ళు పోసి రెండు చివర్లూ చూస్తే మేస్త్రీ పది నిమిషాల్లో ఎత్తుపల్లాలు చెప్తాడు. ఇంకో తప్పు: ముందు సిమెంటు రోడ్డు, ఆర్నెల్లకి నీళ్ళ పైపు కోసం దాన్నే పగలగొట్టడం. వరస పైపు, కాలువ, ఆ తర్వాతే రోడ్డు.

అర్జీ ఇచ్చాక ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వచ్చి కొలతలు తీస్తాడు. తర్వాత అంచనా, పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, పని, ఎం-బుక్‌ అనే కొలతల పుస్తకంలో నమోదు, బిల్లు. నాయకుడు "శాంక్షన్ అయిపోయింది" అంటే వీటిలో ఏదో అడగండి. అంచనా కూడా పడకుండా కొబ్బరికాయ కొట్టిన శిలాఫలకాలు ప్రతి మండలంలో నాలుగైదు ఉంటాయి, వాటి మీద మేకలు పడుకుంటాయి. మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది పడుతుందని సంఘానికి ముందే చెప్పండి.

కదలకపోతే మెట్లు ఎక్కే వరస ముఖ్యం. ముందు నోటిమాట, తర్వాత రెండో అర్జీ, తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదు: తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. ఆఖరున సమాచార హక్కు దరఖాస్తు. గ్రామ స్థాయిలో దానికి ఫీజు లేదు, మండల కార్యాలయంలో రూ.5, ఆ పైన రూ.10, 30 రోజుల్లో జవాబివ్వాలి. మొదటి రోజే సమాచార హక్కు కాగితం వేస్తే సర్పంచ్ దాన్ని యుద్ధం కిందే లెక్కేస్తాడు. అది వేసేది కూడా అర్జీ జట్టు వాళ్ళే, కాపరులు కాదు.

సమాధుల స్థలానికి దారి వేరు, అది రెవెన్యూ పని. ఊళ్ళో పోరంబోకు ఏ సర్వే నంబరులో ఎంత ఉందో ముందు తెలుసుకుని తహసీల్దారుకి అర్జీ ఇవ్వాలి. ఆక్రమణలో ఉన్న భూమిని చూపిస్తే ఏళ్ళు పడుతుంది, ఖాళీగా ఉన్నదే అడగండి. "క్రైస్తవులకు" అని మాత్రమే రాయకుండా, ఊళ్ళో పూడ్చే ఆచారం ఉన్న మిగతా కులాల సంతకాలు కూడా తీసుకుంటే గొడవ సగం తగ్గుతుంది.

సాయానికీ మతానికీ మధ్య గీత ఎలా గీయాలో మన నేల మీదే ఒక పాత ఉదాహరణ ఉంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ప్రభుత్వం దగ్గర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, పస్తులున్న వేలమందికి కూలి ఇప్పించాడు. సర్వే పని ముందే తెలిసినవాడు కాబట్టి ఆ లెక్కలు ఆయనకు కొత్త కాదు. గమనించాల్సింది ఇది: కరువు సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు, కూలి కోసం వచ్చారనే మాట రాకూడదని. సాయం ముగిశాకే 1878 జూలైలో గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి ఇచ్చారు. మీ డ్రైన్ పూర్తయిన వారమే అక్కడ సువార్త కూడిక పెట్టాలనిపిస్తే ఇది గుర్తు తెచ్చుకోండి.

డిసెంబరు వస్తే అసలు పరీక్ష, క్రిస్మస్‌కి ముందే జరిపే సెమీ క్రిస్మస్. నాయకుణ్ణి పిలవడం తప్పు కాదు, కానీ పిలిస్తే అన్ని పార్టీల వాళ్ళనీ ఒకే రోజు పిలవండి, ఒకే వరసలో కూర్చోబెట్టండి. కేకు పిల్లలతో కోయించండి. మైకు ఇవ్వకపోవడం మేలు, ఇవ్వక తప్పకపోతే శుభాకాంక్షలు రెండు నిమిషాలని ముందే చెప్పండి. ఫ్లెక్సీ ఖర్చు, భోజనాల ఖర్చు సంఘమే పెట్టుకోవాలి. ఎవరైనా "శ్లాబుకి యాభై వేలు ఇస్తా" అంటే, సర్కారు బడిలో పిల్లలకి బెంచీలు వేయించమని దారి మళ్ళించండి. ఆంధ్రప్రదేశ్‌లో పాస్టర్లకు నెలకు రూ.5,000 గౌరవ వేతనం పథకం ఉంది. అది తీసుకోవడం తప్పని అనను, కానీ తీసుకునేవాళ్ళు నాయకుణ్ణి తప్పు పట్టాల్సిన రోజున గొంతు తగ్గించుకోవడం సహజం. కాబట్టి ఆ మాట చెప్పే బాధ్యత జట్టులో వేరేవాళ్ళకి ఉండాలి.

విదేశీ కానుకల్లోంచి నాయకుల కోసం విందు గానీ, బహుమతి గానీ, ప్రయాణం గానీ పెట్టకండి. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) 2010లోని 3వ సెక్షన్ శాసనసభ్యులు, అభ్యర్థులు, ప్రభుత్వోద్యోగులు, పార్టీలు విదేశీ విరాళం తీసుకోవడాన్నే నిషేధించింది. రిజిస్ట్రేషన్ పోతే మీ బాలల వసతి గృహం కూడా మూతపడుతుంది.

ఎన్నికల కాలంలో చట్టం చాలా స్పష్టం. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం ఫలానావారికి ఓటేయకపోతే దేవుని కోపం తగులుతుందని ఓటరును నమ్మించడం అవినీతి చర్య. మతం పేరు చెప్పి ఓటు అడగడమూ అంతే. దీన్ని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఓటరు మతానికి కూడా వర్తింపజేసింది. 1988 నాటి మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం కింద మందిరాన్ని రాజకీయ పనికి వాడనిస్తే నిర్వాహకుడికి, అందులో పాలుపంచుకున్నవారికి ఐదేళ్ళ దాకా జైలు, రూ.10,000 దాకా జరిమానా. అంటే శిక్ష పడేది వచ్చి మాట్లాడిన నాయకుడికి మాత్రమే కాదు, తాళం చెవి దగ్గర పెట్టుకున్న మీకు కూడా. నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచి ఫలితాల దాకా ఏ అభ్యర్థినీ మందిరంలో పరిచయం చేయకండి. ఆరాధనకొస్తే చాప మీద కూర్చుని వెళ్తాడు, అంతే. మీ నోట ఎప్పుడూ రాకూడని మాట ఇంకోటుంది: "మా సంఘాల్లో ఇన్ని ఓట్లున్నాయి." అది చెప్పిన రోజున మీరు కాపరి కాదు, ఓట్ల మేస్త్రీ. విశ్వాసుల ఓట్లు మీ చేతిలో ఉండవన్నది వేరే సంగతి.

ఓట్ల లెక్కింపు అయిన సాయంత్రం జట్టులో ఇద్దరు ఓడిపోయినవారింటికి వెళ్ళండి. పొద్దున్న ఉన్న జనం అప్పటికి ఉండరు, పరిచిన కుర్చీలు అలాగే ఉంటాయి. పావుగంట కూర్చుని రండి. గెలిచినవారి దగ్గరికి మూడు రోజులాగి వెళ్తే సరిపోతుంది, ఆ దండల్లో మీరెవరో ఆయనకి ఎలాగూ కనబడరు.